పరదేశి గుమ్మటం

తూర్పు గోడ మూడోసారి కూలింది.

ఆ చప్పుడు తామ్రకూట నగరం నలుమూలలా వినబడింది. రేవులో ఓడలకు సరుకెత్తుతున్న కూలీలు మూటలు దించి అటు చూశారు. కోట బురుజుల మీది పావురాలు ఒక్కసారిగా లేచి గిరికీలు కొట్టాయి. నవరత్న విపణి కడుతున్న చోట ఎర్రటి ధూళి తాటిచెట్టంత ఎత్తు లేచి, మెల్లగా విచ్చుకుని, కింద పడి ఉన్నవాళ్ళను చూపించింది. పద్నాలుగు మంది. వాళ్ళలో మళ్ళీ లేచినవాళ్ళు ముగ్గురే.

స్థపతి వసుపాలుడు ఆ ధూళిలోకి పరుగెత్తాడు. రాళ్ళు ఎత్తాడు, చేతులు పట్టుకు లాగాడు, ఒకడి తల ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు పోశాడు. ఆ నీళ్ళు లోపలికి పోలేదు. అప్పుడు లేచి, గోడ చీలిన చోట మోకాళ్ళ మీద కూర్చుని, నాలుగు బారల ఇనుప కమ్మీని నేలలో దించాడు. కమ్మీ వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. అడుగు తగల్లేదు. చీలికలోంచి వెచ్చటి గాలి అతని ముఖానికి కొట్టింది.

"కింద నేల లేదు. ఎవరో తొలిచేశారు" అన్నాడు తనలో తాను.

వసుపాలుడు ఈ దేశంవాడు కాడు. ఇరవై ఆరేళ్ళ కిందట నీలద్వీపాన్ని సముద్రం మింగినప్పుడు, కలప ఓడ అడుగున దుంగల మధ్య నక్కి ఈ రేవులో దిగిన మూడువందల మందిలో అతనొకడు. తల్లిదండ్రులు లేరు, భాష రాదు. సున్నం గంపలు మోశాడు. ఒకనాడు ద్వారబంధం మీదికి ఎత్తుతున్న రాతి దూలాన్ని చూసి, "పొర అడ్డంగా ఉంది, విరుగుతుంది" అని సైగలతో చెప్పాడు. మేస్త్రీ చెంప పగలగొట్టాడు. మధ్యాహ్నానికి దూలం విరిగింది. సాయంత్రానికి మేస్త్రీ వచ్చి అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

అక్కణ్ణించి మొదలు. రేవులో సుంకశాల కట్టాడు. సముద్రపు గాలి గోడల్లోంచి పారి సరుకు మగ్గిపోకుండా కాచేది. బట్టల అంగడి కట్టాడు. ఉత్తరపు వెలుగు మాత్రమే లోపలికి రానిచ్చి, నేతగాడి రంగు నేతగాడి రంగులాగే కనిపించేలా చేశాడు. ధాన్యాగారాన్ని పుట్టగొడుగుల్లాంటి రాతికాళ్ళ మీద నిలబెట్టాడు. ఎలుక ఎక్కలేక కింద పడి సిగ్గుపడేది. చివరికి పదకొండేళ్ళు శ్రమించి, నడుమ ఒక్క స్తంభం లేకుండా, ఆకాశాన్ని బోర్లించినట్టు ధర్మసభ గుమ్మటాన్ని ఎత్తాడు. పరదేశపు రాయబారులు వచ్చినప్పుడు నగర ప్రజలు దాన్ని "మా గుమ్మటం" అనేవారు. వానకు ఎక్కడైనా చెమ్మ దిగితే మాత్రం "పరదేశి గుమ్మటం" అనేవారు.

అతణ్ణి ఆదరించిన పెద్ద మహారాజు కాలం చేసి రెండేళ్ళయింది. కొడుకు అజితసేనుడు పంతొమ్మిదేళ్ళవాడు. ఆ కుర్ర రాజు ఇప్పుడు ఏనుగు మీద వచ్చి శిథిలాల ముందు ఆగాడు. అతని వెనక అంబారీలోంచి రాజగురువు ధూమకేశుడు దిగాడు.

ధూమకేశుణ్ణి చూస్తే పగలే చీకటి పడినట్టుండేది. మోకాళ్ళదాకా వేలాడే జుట్టు జుట్టులా ఉండదు, ఆరిన చితి మీంచి లేచే పొగలా మెల్లమెల్లగా కదులుతుంది. కళ్ళు రెప్ప వెయ్యవు. చేతిలో దండం కొండచిలువ వెన్నెముక. అతను నడిచిన దారిలో చీమలు బారు తప్పి చెల్లాచెదురయ్యేవి.

"ప్రభూ! చూశారా?" అన్నాడు ధూమకేశుడు తీయగా. "భూదేవి పరాయివాడి చేతి కట్టడాన్ని కక్కేస్తోంది. ఆమెకు శాంతి కావాలి. ద్వీపవాడలో ఇంటికొకరు చొప్పున పరదేశులను ఈ పునాదిలో నిలబెట్టి రాయి కడితే, ఈ విపణి యుగాంతం దాకా కదలదు."

వసుపాలుడు చేతులు జోడించాడు. "మహాప్రభూ! తప్పు భూమిది కాదు. కింద ఎవరో సొరంగం తవ్వారు. ఒక్క పూట గడువివ్వండి, తవ్వి చూపిస్తాను."

"నీ లెక్క తప్పినందుకు దొంగలను సృష్టిస్తున్నావా స్థపతీ?" అన్నాడు అజితసేనుడు. ఆ గొంతులో కోపం కంటె భయం ఎక్కువగా ఉంది. అతను ధూమకేశుడి వైపు చూసి, మళ్ళీ ఇటు చూశాడు. "రేపు సూర్యోదయానికి బలి జరగాలి. మొదటి రాయి నువ్వే వెయ్యి. నీవాళ్ళు నీ మాట వింటారు, అరవకుండా నిలబడతారు."

"నా చేతులు నరికించండి ప్రభూ. ఆ రాయి మాత్రం వెయ్యను."

పెద్ద మహారాజు బహూకరించిన బంగారు కొలబద్ద వసుపాలుడి నడుముకు వేలాడుతోంది. ధూమకేశుడు దాన్ని లాగి మోకాలికి వేసి విరిచాడు. రెండు ముక్కలూ చచ్చినవాళ్ళ పక్కన పడ్డాయి.

"చెరసాలలో వెయ్యండి!" అన్నాడు రాజు.

నలుగురు భటులు అతణ్ణి బట్టల అంగడి గుండా నడిపించుకుపోయారు. అతను కట్టిన అంగడే! పదేళ్ళుగా నమస్కారాలు పెట్టిన వర్తకులు ఈవేళ తానులు సర్దుకుంటూ తలలు దించుకున్నారు. ఒకడు మాత్రం, "మొదట్నుంచీ నాకు అనుమానమేనయ్యా" అన్నాడు పక్కవాడితో, వినబడేటట్టు.

వసుపాలుడు అటు చూడలేదు. అతని కళ్ళు ఏడో కొట్టు ముందున్న చెక్క మూత మీదున్నాయి. కప్పుల మీద పడ్డ వాననీరంతా చేరే గొయ్యి అది. దాని లోతెంతో, అందులోంచి తూము ఎటు పోతుందో ఈ నగరంలో తెలిసింది ఒక్కడికే.

ఏడో కొట్టు! వసుపాలుడు తూలి పడబోయినట్టు నటించి, వేలాడుతున్న పట్టు తాను కొస పట్టుకుని బలంగా లాగాడు. దండెతో సహా ఇరవై తానులు భటుల నెత్తిన పడ్డాయి. ఎర్రటి పట్టులో నలుగురూ వలలో చేపల్లా కొట్టుకున్నారు. అతను మూత తన్ని లోపలికి దూకాడు. మెడలోతు నీళ్ళు! పైనుంచి విసిరిన ఈటె భుజం చర్మం చీల్చుకుంటూ పోయింది. ఊపిరి బిగబట్టి తూములోకి దూరి, మోచేతులతో పాకుతూ, బురద మింగుతూ, కక్కుతూ, పాకుతూ... ఎంతసేపో! చివరికి వెలుగు కనబడింది. ఎద్దు మెడగంట వినబడింది.

అది సున్నపు గానుగ తొట్టి.

"ఎవుర్రా అది? నీటికుక్కా?" అంటూ పార ఎత్తింది గవరమ్మ.

"నేనే అక్కా."

సున్నపు కూలీల పెద్ద గవరమ్మ. అరవై దాటాయి. ఒక మోకాలు ఎప్పుడో రాయి కింద నలిగి, ఆ కాలు ఈడ్చుకుంటూ నడుస్తుంది. వసుపాలుడు గంపలు మోసిన రోజుల్లో అతనికి ఈ దేశపు భాష నేర్పింది ఆవిడే. ముందు తిట్లు, తర్వాత మాటలు. ఆమె అతణ్ణి బయటికి లాగి, గాయం చూసి, కొంగు చింపి కట్టింది.

"అంతా ఇన్నాను తమ్ముడూ. దండోరా ఏశారు. నిన్ను పట్టిచ్చినోడికి మాన్యం ఇత్తారంట."

"అక్కా, నా కట్టడం కింద ఎవరో తొలుస్తున్నారు. మట్టి ఎక్కడికి పోతోందో తెలిస్తే..."

"మట్టి సంగతి నాకు తెలవదు. రెణ్ణెల్ల నించీ రోజూ నలభై గంపల సున్నం ధర్మసభకి పోతంది. ఆడ ఏం కడతన్నారని అడిగితే కొరడా చూపిత్తన్నారు. ముందు పదేను రోజులు ఇసుక బళ్ళు వచ్చినయ్ ఆణ్ణించి. ఏట్లో పోసేశారు."

వసుపాలుడు చటుక్కున లేచాడు. "ఇసుకా? ఏ రంగు?"

"తెల్లది. తడి తడిగా ఉండేది."

అది అతను ఏరి తెచ్చిన ఇసుక! ఏడు వంకల నది మడుగుల్లోంచి తెప్పించి, గుమ్మటం కింద గదంత గోతిలో కూరి, ఎప్పుడూ తడి ఆరకుండా కాలువ పెట్టి, దాని మీద ఆ కొండంత బరువును మోపాడు. భూమి కంపిస్తే ఇసుక ఊగి సర్దుకుంటుంది, రాయి పగలదు. ఆ ఇసుకను తోడేశారు. అంటే ధర్మసభ ఇప్పుడు గాలి మీద నిలబడి ఉంది. సొరంగం అక్కడ మొదలై, విపణి కిందుగా, నగరం వెనక కొండ వైపు పోతోంది.

ఇంకో సంగతి అతని మనసులో ముల్లులా కదిలింది. ఈ రెండు నెలల్లోనే ద్వీపవాడలో అరవై మంది మాయమయ్యారు. పడవలెక్కి పోయారన్నారు రాజభటులు. వాళ్ళలో అతని బావమరిది కుముదుడు ఉన్నాడు. ఉలి పడితే రాతిలో మల్లెమొగ్గ విచ్చుకునేది; అలాంటివాడు చెప్పకుండా పోతాడా?

"నా తల గొరిగెయ్యి అక్కా" అన్నాడు.

గడియ గడిచేసరికి స్థపతి వసుపాలుడు లేడు. బోడితల, గోచీ, నెత్తి నుంచి పాదాల దాకా సున్నం పూసుకున్న కూలీ ఒకడున్నాడు. గవరమ్మ ముందూ, అతను వెనకా, నెత్తిన కాల్చిన సున్నపురాయి గంపలతో ధర్మసభ దారి పట్టారు.

ధర్మసభ! పన్నెండు మెట్లెక్కి ఆ వాకిలి దాటితే ఎంతటి గర్విష్ఠికైనా తల దానంతటది పైకెత్తుకునేది. అంత ఎత్తున వలయాల మీద వలయాలుగా అల్లుకున్న నీలిరాతి తామరలు, రేకు రేకుకూ సన్నని కిటికీ. సూర్యుడు కదిలినకొద్దీ వెలుగు ఒక రేకు మీంచి ఇంకో రేకు మీదికి తేనెటీగలా వాలుతూ పోయేది. కింద నిలబడి గుసగుసగా చెప్పిన మాట కూడా న్యాయాధిపతి పీఠం దగ్గర వినబడేది. పేదవాడి గొంతు పెగలకపోయినా ఫిర్యాదు చేరాలని వసుపాలుడు అలా కట్టాడు. నడుమ, గుమ్మటం శిఖరం నుంచి తాడుతో వేలాడే కంచు గంట. తీర్పు చెప్పాక దాన్ని మోగించేవారు.

ఆ మధ్యాహ్నం కూడా సభ నిండా జనం. ఎవరో కుమ్మరి తన ఆవం పొరుగువాడు తన్నేశాడని మొరపెట్టుకుంటున్నాడు. లోపల ఓ మూల చెవిటి ద్వారపాలకుడు కునుకు తీస్తున్నాడు. ఎవరికీ తెలియదు, తమ కాళ్ళ కింద ఏమీ లేదని.

వెనక గదిలో కొత్తగా తవ్విన మెట్లున్నాయి. కొరడా పట్టుకున్న కాపలావాడు గవరమ్మను పైనే ఆపి, "నువ్వు దిగు" అన్నాడు వసుపాలుడితో. అతను దిగాడు.

కింద దివిటీల వెలుగులో తన పునాది గోతిని చూశాడు. ఇసుక బొత్తిగా లేదు. గుమ్మటం బరువంతా నాలుగు టేకు దుంగల మీద నిలబడి ఉంది. ఓ మూల తెల్లటి దిబ్బ. గంప అక్కడ గుమ్మరించమన్నారు. గుమ్మరించబోతూ చూశాడు. సున్నం కింద పాదాలున్నాయి. లెక్కపెట్టలేనన్ని పాదాలు. సున్నం ఎందుకో అప్పుడర్థమైంది.

మిగిలినవాళ్ళు సొరంగంలోంచి మట్టి తట్టలు మోస్తూ వస్తున్నారు, పోతున్నారు. నలభై మంది ఉంటారు. అందరూ ద్వీపవాసులే. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని చూడటం లేదు. పెదవులు కదలడం లేదు. వసుపాలుడు ఒకామెను పేరు పెట్టి పిలిచాడు. ఆమె అతన్ని రాయిని దాటినట్టు దాటిపోయింది.

అప్పుడు గోడ చూశాడు. గోడ పొడుగునా నీడలున్నాయి. మనుషులు కదులుతున్నా ఆ నీడలు కదలడం లేదు. ఒక్కో నీడ గుండెలో ఒక్కో నల్లటి ఇనుప మేకు దిగగొట్టి ఉంది!

సన్నగా, పొడుగ్గా, ఎడమ భుజం కాస్త వంగిన నీడ దగ్గర అతను ఆగాడు. ఉలి పట్టి పట్టి వంగిన భుజం. మేకును రెండు చేతులా పట్టుకున్నాడు. నిప్పు పట్టుకున్నట్టు అరచేతులు చుర్రుమన్నాయి. పళ్ళు బిగించి లాగాడు. చర్మం కాలిన వాసన వచ్చింది. మేకు ఊడి వచ్చింది. నీడ గోడ మీంచి జారి, నేల మీద పాకి, మట్టి తట్ట మోస్తున్న కుముదుడి పాదాలను అంటుకుంది. తట్ట కింద పడింది.

"బావా" అన్నాడు కుముదుడు గొంతు పెగల్చుకుని. "ఆకలేస్తోంది బావా. అక్క ఎలా ఉంది?"

కుముదుడి అక్క, వసుపాలుడి భార్య, పోయి నాలుగేళ్ళయింది. పాడె మోసినవాళ్ళలో కుముదుడూ ఉన్నాడు. వసుపాలుడు అతణ్ణి పొదువుకున్నాడు. "బాగానే ఉంది. ముందు ఈ మేకులు తీద్దాం పట్టు."

తట్ట పడ్డ చప్పుడికి కాపలావాడు మెట్లు దిగి వచ్చాడు. కొరడా ఎత్తేలోగా వసుపాలుడు గుప్పెడు సున్నపు పొడి వాడి కళ్ళల్లో కొట్టాడు. వాడి కేక సగంలోనే కుముదుడి చేతి పలుగు కింద ఆగిపోయింది. ఇద్దరూ మేకుల మీద పడ్డారు. విడిపించిన ఒక్కొక్కరూ ఇంకొకరి మేకు పట్టుకున్నారు. ఆ గోతినిండా మూలుగులు, ఏడుపులు, కాలిన చేతులు.

సొరంగం చివర్నించి ఎర్రటి వెలుగు పొంగింది. దానితోబాటు మంత్రాల హోరు.

"అక్కడేముంది?" అన్నాడు వసుపాలుడు.

కుముదుడు చెవులు మూసుకున్నాడు. "రాగి తలుపు. దాని వెనక తామ్రనాగు నిద్రపోతోందట. ఊపిరి విడిస్తే నగరం కాలి బూడిదవుతుంది. దాన్ని లేపినవాడి మాటే అది వింటుందని ఆ పొగజుట్టువాడు అనేవాడు. తలుపు బయటపడింది బావా. నిన్నటి నుంచి వాడు దాని ముందు కూర్చుని మంత్రాలు చదువుతున్నాడు. పొద్దున ఒక్కసారే పైకి పోయి వచ్చాడు. తలుపు వేడెక్కింది. రేపు బలి పడితే తెరుచుకుంటుందట. ఇప్పుడే చీలికలు వస్తున్నాయి."

వసుపాలుడు ఒక్క క్షణం పైకి చూశాడు. తల మీద టేకు దుంగలు. దుంగల మీద రాతి వలయం. వలయం మీద పదకొండేళ్ళు.

మూడంగల్లో మెట్లెక్కి గవరమ్మ చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, సభలో ఉన్నవాళ్ళందర్నీ బయటికి పంపించెయ్యి. ఆఖరి మనిషి వాకిలి దాటాక గంట మూడుసార్లు మోగించు."

"ఎందుకు?"

"గుమ్మటం పడగొడుతున్నాను. ఈ సొరంగాన్ని మూసేంత బరువు ఇంకెక్కడా లేదు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "ఎన్నేళ్ళు కట్టావు?"

"పదకొండు."

"సరే పో" అంది గవరమ్మ.

అతను కిందికి దిగేసరికి పైన కలకలం మొదలైంది. గవరమ్మ తన గంపలోని కాల్చిన సున్నాన్ని సభ మధ్యనున్న నీళ్ళ తొట్టిలో కుమ్మరించింది. తొట్టి భగ్గున మరిగి, బుసలు కొడుతూ, తెల్లటి ఆవిరి గుమ్మటం దాకా లేచింది. "నిప్పు! నిప్పు! పారిపోండి!" అన్న ఆమె గొంతు వలయాలలో వెయ్యి గొంతులై మోగింది. జనం తోసుకుంటూ పరుగెత్తిన పాదాల చప్పుడు నెత్తిన ఉరుములా దొర్లింది.

కింద విడుదలైనవాళ్ళను వసుపాలుడు కాలువ తూములోకి దింపాడు. ఇసుకకు తడి అందించడానికి తను కట్టిన కాలువ అది. ప్రాకారం కిందుగా రాతిగనుల దాకా పోతుంది. ఒకరి నడుము ఒకరు పట్టుకుని వాళ్ళు చీకట్లోకి పోయారు. అందరి చివర కుముదుడు నిలబడ్డాడు.

"నువ్వూ పో."

"నువ్వు రాందే పోను."

వసుపాలుడు సమ్మెట అందుకుని మొదటి దుంగ ముందు నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే సొరంగంలోంచి ధూమకేశుడు వచ్చాడు. జుట్టు కొసలు నిప్పుకణికల్లా మండుతున్నాయి. వెనక పదిమంది భటులు.

"ఆగు స్థపతీ!" అన్నాడు. ఆ గొంతు విచిత్రంగా మెత్తగా ఉంది. "ఆ దుంగను ముట్టుకోకు. ఈ దేశంలో నీకంటూ ఉన్నది ఆ గుమ్మటం ఒక్కటే. భార్య లేదు, బిడ్డ లేడు, మాన్యం లేదు. వెయ్యేళ్ళ తర్వాత కూడా తల ఎత్తి చూసేవాడు ఎవడు కట్టాడని అడుగుతాడు. పడగొడితే ఎవరడుగుతారు? ఓడ అడుగున వచ్చావు. అలాగే పోతావు."

వసుపాలుడు వింటున్నాడు. పైన గంట మోగింది. ఒకటి. రెండు. మూడు.

సమ్మెట ఎత్తాడు. ఎత్తినవాడు అలాగే ఆగిపోయాడు. గంట తాడు గుమ్మటం నడిమధ్యన ఉంది! తను కట్టించిన గంట. తను కొలిచిన నేల. మోగించిన మనిషి వాకిలి చేరాలంటే ఇరవై అడుగులు నడవాలి.

ఒకటి, రెండు అని లెక్కపెట్టసాగాడు. భటులు మీదపడ్డారు. కుముదుడు పలుగు తిప్పుతూ అడ్డం నిలిచాడు. ఐదు. ఆరు. ఈటె ఒకటి కుముదుడి తొడలో దిగింది. పది. ధూమకేశుడి దండం పాములా సాగి వసుపాలుడి మెడకు చుట్టుకుంది. కళ్ళ ముందు నల్లటి చుక్కలు. పదమూడు. "కొట్టు బావా!" అని అరిచాడు కుముదుడు. పదిహేడు. పద్దెనిమిది. ఊపిరి అందడం లేదు. ఇరవై!

సమ్మెట పడింది. మొదటి దుంగ ఎగిరిపోయింది. రెండో దెబ్బకు రెండోది. మూడోది దెబ్బ తగలకుండానే నిలువునా చీలింది. ఆకాశం మూలిగినట్టు మూలిగింది గుమ్మటం. ధూమకేశుడు దండం వదిలేసి సొరంగంలోకి వెనక్కు పరుగెత్తాడు. వసుపాలుడు కుముదుణ్ణి చంకన ఇరికించుకుని తూములోకి దూకాడు. వెనక నీలిరాతి తామరలు రేకు రేకుగా, వలయం వలయంగా, పదకొండేళ్ళూ పదకొండు గుక్కల్లో కిందికి దిగాయి.

ఎండ వాలేవేళకు వాళ్ళు రాతిగనుల్లో బయటపడ్డారు. ముప్పై ఎనిమిది మంది. కొందరు తమ పేర్లు మరిచిపోయారు. ఒక ముసలాయన, "ఓడ ఎప్పుడు దిగుతుంది నాయనా?" అని అడుగుతూనే ఉన్నాడు. నగరం మీద గుమ్మటం ఉండాల్సిన చోట ఖాళీ ఆకాశం కనబడింది. కుముదుడి గాయానికి కట్టు కడుతూ వసుపాలుడు అటు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాడు. చేతకాలేదు.

భయంతో కోటద్వారం దాటి పరుగెత్తుకొచ్చిన జనంలోంచి చెవిటి ద్వారపాలకుడు తూలుతూ వచ్చాడు. ఒంటినిండా ధూళి. సున్నం పూసుకున్న కూలీని చూసి గవరమ్మ మనిషే అనుకుని ఎదట కూలబడ్డాడు.

"నాకేం ఇనబళ్ళేదు బాబూ. పడుకునున్నాను. గంట కొట్టి వచ్చేటప్పుడు నన్ను చూసినట్టుంది. వెనక్కి తిరిగొచ్చి లేపి, మెట్ల వైపు తోసింది. ఆవిడా వచ్చేత్తందనుకున్నా. కాలు ఈడ్చుకుంటా... వాకిలి దాకా వచ్చింది బాబూ. గడప మీద చెయ్యి కూడా ఏసింది."

వసుపాలుడు అక్కడే మోకాళ్ళ మీద కూలాడు. ఇరవై అడుగులు! అవి తన అడుగులు. ఆ మోకాలికి అవి ఎన్ని అడుగులో అతను లెక్కపెట్టలేదు. కాలిన అరచేతులు నేలకు ఆనించి, తల వంచి, శబ్దం లేకుండా ఏడ్చాడు.

అరచేతులకు నేల వెచ్చగా తగిలింది.

తల ఎత్తాడు. కాలువ తూములోంచి సన్నగా పారుతున్న నీటి మీద ఆవిరి లేస్తోంది. వేలు పెట్టి చటుక్కున తీశాడు. లేచి, తూము రాళ్ళు తడిమి, కొండ వైపు చూసి, మనసులో బరువులు కట్టాడు. అంత రాతి గుట్ట, అంత వేడి. సున్నం కరిగి, రాయి పగిలి...

"మూడు రోజులు" అన్నాడు. "గుమ్మటం ఆ నాగును మూడు రోజులు ఆపుతుంది. అంతకంటె ఆపలేదు."

కోట మీద భేరి మోగింది. ద్వారాలు మూస్తున్నారు. చాటింపువాడి గొంతు గాలిలో తేలివచ్చింది: ధర్మసభను కూల్చి రాజగురువును పొట్టన పెట్టుకున్న పరదేశి ద్రోహి తల తెచ్చినవాడికి మూడు గ్రామాలు, ద్వీపవాడ నుంచి ఎవరూ బయటికి రాకూడదు.

కుముదుడు అతని చెయ్యి పట్టుకున్నాడు. "పోదాం బావా. నది దాటితే వేరే రాజ్యం. అక్కడా ఇళ్ళు కట్టించుకుంటారు, నువ్వు కడతావు."

"లోపల లక్షమంది ఉన్నారు. కింద ఏముందో ఒక్కరికీ తెలియదు."

"చెబితే నమ్ముతారా? ముందు నరికి, ఆనక ఆలోచిస్తారు."

"ఆ కుర్రవాడు భయస్థుడు. భయస్థుడికి వేడి నేల చూపిస్తే నమ్ముతాడు. చూపించేదాకా తల ఉంటే చాలు." వసుపాలుడు కుముదుడి భుజం నొక్కాడు. "నువ్వు వీళ్ళను నది దాటించు. పేర్లు మరిచినవాళ్ళకు నువ్వే పేర్లు చెప్పు."

గనిలో నిలిచిన నీటి మడుగులో దిగి ఒంటి మీది సున్నమంతా కడుక్కున్నాడు. బోడితల, భుజం మీద చినిగిన కొంగుకట్టు, బొబ్బలెక్కిన చేతులతో, పారిపోతున్న జనానికి ఎదురుగా నడిచాడు. మూతపడుతున్న కోటద్వారం ముందు ఆగేసరికి ఎనిమిది ఈటెలు అతని రొమ్ముకు ఆనాయి.

"ఎవడివి?" అని గద్దించాడు ద్వారనాయకుడు.

"మీరు వెతుకుతున్న పరదేశిని" అన్నాడు వసుపాలుడు. "రాజుగారి దగ్గరికి తీసుకుపొండి. త్వరగా!"

ద్వారనాయకుడు కత్తి దూశాడు. అతని చెప్పుల కింద రాతి గడప వేడికి సన్నగా చిటపటలాడింది. అతను ఉలిక్కిపడి కిందికి చూశాడు.